ఒకే సూది – ఎన్ని చేతులు?

పిల్లలూ! ములుగు జిల్లా మేడారంలో రెండేళ్లకొకసారి మాఘమాసంలో సమ్మక్క–సారలమ్మల జాతర జరుగుతుందని మీకు తెలుసు. 2019లో ములుగు జిల్లా ఏర్పడింది. అంతకుపూర్వం చాలాకాలం ఈ ఊరు వరంగల్లు జిల్లాలోనిదే. జనం జంపన్నవాగులో స్నానాలు చేసి, బంగారమని పిలిచే బెల్లాన్ని గద్దెల వద్ద సమర్పిస్తారు. ఆ జాతరలోనే పచ్చబొట్లు పొడిచేవారు కూడా కూర్చుంటారు.

పచ్చబొట్టు మనకు కొత్తది కాదు. పూర్వం ఎరుకలసానులు ఊరూరా తిరిగి పొడిచేవారు. సొమ్ములు దొంగలు ఎత్తుకుపోవచ్చు, పచ్చబొట్టు మాత్రం కడదాకా వెంట వస్తుందని పెద్దలు అనేవారు. దానితోపాటు రోగం కూడా వెంట రావచ్చునని వారికి తెలియదు.

ఎలా వస్తుందంటారా? మన చర్మం కోటగోడ వంటిది. సూది ఆ గోడకు చిల్లు పెడుతుంది. సూదిమొనకు కంటికి కనిపించనంత నెత్తురు అంటుకుంటుంది. అదే సూదిని మరొకరికి గుచ్చితే, మొదటివారి నెత్తుటిలోని క్రిములు రెండవవారిలో చేరుతాయి. హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, హెచ్.ఐ.వి. ఇలా అంటుకోవచ్చు. మొదటి రెండూ కాలేయాన్ని చెడగొడతాయి. హెపటైటిస్-బి క్రిమి ఎండిన నెత్తుటి మరకలో కూడా 7 రోజులు బ్రతకగలదు. కాబట్టి సూదిని గుడ్డతో తుడిచినా, నీళ్లలో ముంచినా చాలదు. వాడిన సూదిని ముంచిన రంగు కూడా పనికిరాదు సుమా!

హెపటైటిస్-బికి టీకా ఉన్నది. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ దానిని మన దేశంలోనే తయారుచేసి 1997లో విడుదల చేసింది. ఇప్పుడు బిడ్డ పుట్టిన 24 గంటలలోగా ఈ టీకా వేస్తారు. హెపటైటిస్-సికి, హెచ్.ఐ.వి.కి మాత్రం టీకా లేదు.

మరి ఏం చెయ్యాలి? చెవులు కుట్టించేటప్పుడైనా, పెద్దలు పచ్చబొట్టు పొడిపించుకునేటప్పుడైనా, కొత్త సూది పొట్లాన్ని మీ ఎదుటనే విప్పమనండి. ఒక్కొక్కరికీ వేరే మూతలో కొత్త రంగు పోయమనండి. పొడిచేవారు సబ్బుతో చేతులు కడుక్కుని కొత్త తొడుగులు వేసుకోవాలి. తలనీలాలకు కూడా కొత్త బ్లేడే వాడాలి. 10, 16 ఏళ్ల వయసులో ఇచ్చే ధనుర్వాతం టీకా మానకండి.

వాగులో స్నానం ముందే ముగించండి. పచ్చబొట్టు పుండు మానేదాకా, అంటే 2, 3 వారాలు, వాగులోను చెరువులోను దిగరాదు. వాపు, చీము, జ్వరం కనిపిస్తే వెంటనే డాక్టరుకు చూపించండి. పచ్చబొట్టు పొడిపించుకున్నవారు 12 నెలల వరకు రక్తదానం చెయ్యరాదు.

పిల్లలకు ముచ్చటగా ఉంటే గోరింటాకు ఉండనే ఉన్నది. "అన్నా, కొత్త సూది తియ్యండి" అని అడగడానికి పెద్దలు మొహమాటపడితే, మీరు అడగండి. ఆయన తియ్యకపోతే అక్కడినుంచి లేచి రండి.