మెయిల్స్ వస్తున్నాయి కానీ పోవట్లేదా? అవుట్‌గోయింగ్ సర్వర్ సెట్టింగ్స్ ఇలా పెట్టుకోండి

ఇవాళ్టి ఎపిసోడ్ మా హసన్‌పర్తి నుంచే. టాపిక్ వినడానికి చిన్నదే, కానీ దీనివల్ల మా ఇంట్లో ఒక ఆర్డర్ పోయింది. ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత సెట్టింగ్స్‌లోకి వెళ్దాం.

మా చిన్నాయనకు ఇక్కడ స్కూల్ యూనిఫాంలు కుట్టే షాపు ఉంది. షాపు పేరు మీద డొమైన్ కొని, ఆయన ఫోన్‌లో బిజినెస్ మెయిల్ నేనే పెట్టాను. టెస్ట్ కోసం అదే డొమైన్‌లో ఉన్న రెండో అడ్రస్‌కు ఒక మెయిల్ పంపాను. టక్కున వచ్చింది. "అయిపోయింది చిన్నాయనా" అని చెప్పి వచ్చేశాను.

వారం తర్వాత ఫోన్. "అరేయ్, స్కూలోళ్ల మెయిల్స్ వస్తున్నయ్ గానీ మన కొటేషన్ ఆళ్లకు పోలేదంట రా. ఆర్డర్ వేరేటోళ్లకు ఇచ్చిన్రు." వెళ్లి చూస్తే కొటేషన్ అవుట్‌బాక్స్‌లోనే ఉంది. తప్పు మెయిల్ కంపెనీది కాదు, నాది. ఏం తప్పు చేశానో అర్థమైతే మీకు ఈ టాపిక్ మొత్తం అర్థమైనట్టే.

మెయిల్ రావడం, పోవడం రెండూ వేరు వేరు దారులు. వచ్చే దారి ఐమాప్, పోయే దారి ఎస్ఎంటీపీ. ఒకటి పనిచేస్తోంది కాబట్టి రెండోది కూడా పనిచేస్తుందని అనుకోవద్దు. ఎస్ఎంటీపీ 1982 నాటిది. అప్పట్లో పంపేవాళ్లను పాస్‌వర్డ్ అడిగే పద్ధతే అందులో లేదు. స్పామ్ పెరిగాక, 1998లో పంపేవాళ్ల కోసం పోర్ట్ 587 ప్రత్యేకంగా పెట్టారు. 1999లో లాగిన్ పద్ధతి కలిపారు.

నేను పెట్టింది పాత పోర్ట్ 25, పైగా సైన్-ఇన్ ఆఫ్‌లో ఉంది. పోర్ట్ 25 అనేది సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ అందించుకునే గేటు. సొంత డొమైన్‌కు వచ్చే మెయిల్‌ను సర్వర్ అక్కడ పాస్‌వర్డ్ అడగకుండానే తీసుకుంటుంది. అందుకే నా టెస్ట్ పాసైంది. బయటి అడ్రస్‌కు పంపమంటే మాత్రం "నువ్వెవరు?" అని ఆపేస్తుంది. ఆపకపోతే స్పామ్ పంపేవాళ్లంతా ఆ సర్వర్‌నే వాడుకుంటారు కదా!

ఇప్పుడు ఫోన్ తీయండి. జీమెయిల్ యాప్‌లో సెట్టింగ్స్, అందులో మీ బిజినెస్ ఖాతా, కింద అవుట్‌గోయింగ్ సెట్టింగ్స్. ఇక్కడ చూడాల్సినవి నాలుగు.

ఒకటి, ఎస్ఎంటీపీ సర్వర్. మీ మెయిల్ కంపెనీ హెల్ప్ పేజీలో ఉన్న పేరునే అక్షరం తప్పు లేకుండా కొట్టండి. ఊహించి పెట్టొద్దు.

రెండు, పోర్ట్, సెక్యూరిటీ. ఇవి జంటగా ఉండాలి. 587 అయితే స్టార్ట్‌టీఎల్ఎస్, 465 అయితే ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్. కాజీపేట స్టేషన్‌లో రైలు పేరు తెలిసినా ప్లాట్‌ఫారం తప్పితే ఎక్కలేం కదా, ఇదీ అంతే. "యాక్సెప్ట్ ఆల్ సర్టిఫికెట్స్" అన్న ఆప్షన్ మాత్రం ముట్టుకోకండి. అది పెడితే అవతల ఉన్నది అసలు సర్వరా, నకిలీదా అని ఫోన్ చూసుకోదు.

మూడు, రిక్వైర్ సైన్-ఇన్. ఇది ఆన్‌లో ఉండాలి. నా తప్పు ఇక్కడే.

నాలుగు, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్. చాలా చోట్ల యూజర్‌నేమ్ అంటే పూర్తి మెయిల్ అడ్రస్. ఎప్పుడైనా పాస్‌వర్డ్ మారిస్తే ఇక్కడ కూడా మార్చాలి, మర్చిపోవద్దు.

మీది గూగుల్ వర్క్‌స్పేస్ అయితే ఫోన్‌లో గూగుల్ ఖాతాగా యాడ్ చేస్తే చాలు, ఇవేవీ అక్కర్లేదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి మెయిల్ పంపాలంటే మాత్రం ఎస్ఎంటీపీ డాట్ జీమెయిల్ డాట్ కామ్ అని పెట్టాలి. అక్కడ మామూలు పాస్‌వర్డ్ తీసుకోదు. టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తయారు చేసుకోవాలి.

ఎర్రర్ వస్తే కంగారు పడకండి, అందులోనే జవాబు ఉంటుంది. 535 అంటే యూజర్‌నేమో పాస్‌వర్డో తప్పు. 550తో పాటు "రిలే" అన్న మాట కనిపిస్తే సైన్-ఇన్ ఆఫ్‌లో ఉందేమో చూడండి. టైమ్ అవుట్ అయితే సర్వర్ పేరు, పోర్ట్, నెట్ చెక్ చేయండి. వైఫైలో పోని మెయిల్ మొబైల్ డేటాలో పోతే, ఆ వైఫై నెట్‌వర్క్ పోర్ట్‌ను ఆపుతోందేమో అనుకోవాలి.

మెయిల్ పోయింది, కానీ అవతలివాళ్ల స్పామ్‌లో పడింది. అప్పుడు ఫోన్‌లో సెట్టింగ్స్ మారిస్తే లాభం లేదు, డొమైన్ సెట్టింగ్స్ చూడాలి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కు పంపే ప్రతి డొమైన్‌కూ ఎస్పీఎఫ్ లేదా డీకిమ్ ఉండాలి. ఎస్పీఎఫ్ అంటే "మా పేరు మీద ఈ సర్వర్లే మెయిల్ పంపుతాయి" అని డొమైన్ చెప్పే మాట. డీకిమ్ అంటే ప్రతి మెయిల్ మీద పడే డిజిటల్ ముద్ర. రెండూ పెట్టుకోండి. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, వచ్చిన మెయిల్‌లో "షో ఒరిజినల్" నొక్కితే రెండూ పాసయ్యాయో లేదో కనిపిస్తుంది.

చివరగా ఒక్క మాట. టెస్ట్ మెయిల్ ఎప్పుడూ బయటి అడ్రస్‌కే పంపండి. అది చేరాలి, దానికి రిప్లై కూడా మీకు రావాలి. అప్పుడే పని అయినట్టు. మా చిన్నాయన ఇప్పుడు కొటేషన్ పంపగానే నాకు ఫోన్ చేస్తాడు: "పోయిందా లేదా చూడు రా." ఆ ఆర్డర్ పోయినందుకు ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకే ఈ వీడియో చేశాను. మీ ఇంట్లో ఎవరికైనా షాపు ఉంటే, ఈ రోజే వాళ్ల ఫోన్‌లో అవుట్‌బాక్స్ తెరిచి చూడండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.