రోజుకు జానెడు సాగిన మొన

విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి చొచ్చుకుపోయి కనిపిస్తుంది. మన గోదావరి డెల్టాలో అలాంటి చోటు ఉందా? కొండ లేదు గానీ, మొన ఉంది. కాకినాడకు ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ ఉత్తరపు కొసను గోదావరి పాయింట్ అంటారు. అక్కడ రాయి ఉండదు, అంతా ఇసుకే.

ఇంత ఇసుక ఎక్కడిది? గోదావరి మోసుకొచ్చిందే. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఒడ్డును ఏటవాలుగా కొడుతూ ఇసుకను ఉత్తరానికి జరుపుతుంటాయి. భూగోళ శాస్త్రంలో దీన్ని లాంగ్‌షోర్ డ్రిఫ్ట్ అంటారు. తీరం వెంట ఇసుక నడవడమన్నమాట.

హోప్ ఐలాండ్ అనే ఈ ఇసుక దిబ్బ పొడవు సుమారు 16 కిలోమీటర్లు. ఏర్పడటానికి పట్టింది దాదాపు 200 ఏళ్లు. అంటే ఏడాదికి 80 మీటర్లు, రోజుకు 22 సెంటీమీటర్లు: అచ్చంగా జానెడు! ఇది సగటే సుమా. ఇసుక అన్నేళ్లూ ఒకే తీరున పెరగదు, తుపాను వస్తే కోసుకుపోతుంది కూడా.

దీనివల్ల కాకినాడకు ఒరిగిందేమిటి? దిబ్బకూ ఊరికీ మధ్య 146 చదరపు కిలోమీటర్ల అఖాతం, అంటే 36 వేల ఎకరాల నీరు, బంగాళాఖాతపు అలల పోటు నుంచి తప్పించుకుంది. అందుకే పెద్ద ఓడలు లంగరేసి నిలిచి ఉంటే, బార్జీలు బియ్యం బస్తాలను వాటి దగ్గరికి చేరవేయగలుగుతున్నాయి.

అయితే తుపాను భయం లేనట్టేనా? అలా అనుకోవద్దు. దిబ్బ అలను విరుస్తుంది గానీ గాలిని ఆపలేదు. 1996 నవంబరు 6 తుపాను కోనసీమ కొబ్బరితోటల్ని ఎలా పడగొట్టిందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు.

చూడ్డానికి వెళ్లాలంటే పడవే దారి. పడవ ఉందో లేదో, అటవీశాఖ అనుమతి సంగతేమిటో ముందే కనుక్కుని బయల్దేరండి. పొద్దు ఎక్కేకొద్దీ సముద్రపు గాలి జోరందుకుంటుంది కాబట్టి ఉదయమే మేలు. చాలామంది తూర్పు ఒడ్డున ఫొటోలు దిగి తిరిగొచ్చేస్తారు. నన్నడిగితే అసలు చూడాల్సింది రెండు వైపులనీ: తూర్పున విరుచుకుపడే అలలు, పడమట నిమ్మళంగా ఉండే నీళ్లు. తూర్పున మాత్రం ఈతకు దిగొద్దు.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇక్కడి ఇసుకలో గుడ్లు పెడతాయి. ఒక్కో గూటిలో సుమారు వంద. అవి పిల్లలు కావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. ఆ నెలల్లో వెళ్తే ఇసుకను తవ్వకండి, తిండి మిగిల్చి రాకండి. ఆ వాసనకు కుక్కలూ నక్కలూ చేరితే ముందు పోయేవి గుడ్లే.