పటము మనది, హక్కు ఎవరిది?

ఖరగ్‌పూరు స్టేషను నుండి ఐ.ఐ.టి.కి పోవు త్రోవలో పూరీ గేట్ అను పేట యున్నది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలము నుండియు తెలుగువారు ఆ ఊరికి పనులకై వచ్చి, తరములుగా అక్కడనే నిలిచిపోయినారు. పూరీ గేట్ దగ్గర నివసించు నా మిత్రు డొకడు, రైల్వేలో పనిచేసి విరమించినవాడు, తన తండ్రి కథను వ్రాసి ఒక అంతర్జాల పత్రికకు పంపదలచినాడు. వ్రాత పూర్తియైనది. దానితో పంపుటకు నాలుగు పాత పటములను ఏరి నా ముందు పెట్టి, "ఇవి మా యింటి గోడమీదివే గదండీ, వీటికి కూడ ఎవరినైన అడుగవలసి యుండునా?" అన్నాడు.

ఆయన ఆ మాట అడిగినందుకే నాకు సంతోషమైనది. తన పుస్తకము మీద 'సర్వస్వామ్యములు రచయితవి' అని అచ్చు వేయించుకొను మనవారు, పరుల ఛాయాచిత్రము దగ్గరకు వచ్చుసరికి ఈ ప్రశ్న వేసికొనుట అరుదు. పటము మన చేతిలో నుండుట వేరు. దానికి ప్రతులు తీసి లోకమునకు చూపు హక్కు వేరు. మనకు వచ్చిన ఉత్తరము కాగితమువరకు మనది, అందలి రచన మాత్రము వ్రాసినవానిది. ఛాయాచిత్రము విషయమునను అంతే.

1958 జనవరి 21న అమలులోనికి వచ్చిన 1957 నాటి కాపీరైటు చట్టము ఛాయాచిత్రమును కళాకృతులలో చేర్చినది. తీసినవాడే దానికి కర్త. సాధారణముగా హక్కును అతనిదే. నమోదు చేయించుకొనవలెనను నిర్బంధము లేదు. కాని 'సాధారణముగా' అను ఆ మాటలోనే చిక్కంతయు నున్నది. మిత్రుని నాలుగు పటములకు నాలుగు సమాధానములు వచ్చినవి.

మొదటిది 1952లో తీయించిన పెండ్లిపటము. 1958కి పూర్వము మన దేశమున చెల్లినది 1911 నాటి బ్రిటిషు చట్టము. దాని ప్రకారము నెగెటివు తయారైన నాటి నుండి 50 ఏండ్లతో హక్కు తీరిపోవును. కొత్త చట్టము ఆ పాత గడువును పొడిగింపలేదు. కావున ఈ పెండ్లిపటము 2002లోనే అందరిదియు నైనది.

రెండవది 1966లో స్టూడియోకు పోయి, రుసుము చెల్లించి, కుటుంబమంతయు కూర్చుండి తీయించుకొన్నది. ఇక్కడ చట్టము చెప్పునది చాలమందికి వింతగా తోచును. ఒకరు కోరగా ప్రతిఫలము పుచ్చుకొని తీసిన చిత్రమునకు, వేరు ఒప్పందము లేనప్పుడు, తీయించుకొన్నవారే మొదటి హక్కుదారులు. అనగా స్టూడియో యజమాని కర్త, మిత్రుని తండ్రి హక్కుదారు. కర్తకు మాత్రము తన పేరు చెప్పుమను హక్కును, తన గౌరవమునకు భంగము కలుగునట్లు చిత్రమును వికృతము చేయరాదను హక్కును మిగిలియుండును. నేడు యంత్రములచేత పాత పటములకు రంగులద్ది, లేని చిరునవ్వులు తెప్పించువారు ఈ రెండవ మాటను మనసున నుంచుకొనుట మేలు.

మూడవది 1978లో వర్క్‌షాపులో తీసినది. తీసినవాడు రైల్వే ఉద్యోగి, అది అతని విధి. అట్టి చిత్రమునకు హక్కుదారు ప్రభుత్వము. మొదట ప్రచురించిన సంవత్సరాంతము నుండి 60 ఏండ్లు ఆ హక్కు నిలుచును. దీనికి రైల్వేవారి అనుమతి కావలెను.

నాలుగవది మిత్రునికి ప్రాణసమానము. 1983 దసరానాడు పొరుగింటాయన ముచ్చటపడి తన కెమెరాతో తీసినది. తండ్రి అరుగుమీద కూర్చుండి మనుమని ఎత్తుకొనియున్నాడు. డబ్బు మాట రాలేదు. రాలేదు గనుకనే హక్కు పొరుగింటాయనకే నిలిచినది! ఆయన కాలము చేసినాడు. హక్కు వారసులకు చెందినది. పూర్వము ఛాయాచిత్రముల గడువు ప్రచురణ నుండి లెక్కింపబడుచుండెను. 2012 సవరణతో ఆ ప్రత్యేక నియమము పోయి, తక్కిన కళాకృతులకు వలెనే కర్త జీవితకాలమును, అటుపై 60 ఏండ్లును గడువైనది.

ఇంటి పటములకే ఇన్ని తేడాలున్నప్పుడు, అంతర్జాలములో దొరకిన చిత్రముల మాట చెప్పనేల? ఎలక్ట్రానిక్ మాధ్యమములో భద్రపరచుటయు ప్రతి తీయుటయే యని చట్టము స్పష్టముగా చెప్పుచున్నది. మన పత్రికలలో చిత్రము క్రింద 'గూగుల్ సౌజన్యముతో' అని వ్రాయుట ఆచారమైపోయినది. వెదకి చూపినవాడు హక్కుదారుడు కాడు. అతని సౌజన్యము మనకు అక్కరకు రాదు. హక్కుదారుని పేరే వ్రాసినను, పేరు చెప్పుట అనుమతి పొందుట కాదు. జర్మనీలో రెన్‌కాఫ్ అను ఛాయాగ్రాహకుడు తీసిన కోర్డోబా నగర చిత్రమును ఒక విద్యార్థి యాత్రల వెబ్‌సైటు నుండి తీసికొని, ఆ సైటు పేరును చెప్పి, తన పాఠశాల వ్యాసములో చేర్చినాడు. పాఠశాల దానిని తన సైటులో ఉంచినది. దానికి మరల అనుమతి కావలెనని 2018 ఆగస్టు 7న ఐరోపా సమాఖ్య న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఆ తీర్పు మన న్యాయస్థానములను కట్టివేయదు గాని, అందలి తర్కము ఆలోచింపదగినది.

అడుగకయే వాడుకొనదగినవియు లేకపోలేదు. క్రియేటివ్ కామన్స్ అను లైసెన్సుతో తమ చిత్రములను విడిచిపెట్టిన ఉదారులు వేలకొలది గలరు. వికీమీడియా కామన్స్‌లో అట్టివి విరివిగా దొరకును. కర్త పేరు, లైసెన్సు పేరు చెప్పవలెను. మార్పులు చేసినచో అదియు చెప్పవలెను. మరి, ఒక ఛాయాచిత్రమునే విమర్శించుచు వ్రాయునప్పుడు దానిని తగుమేర చూపుటను చట్టము న్యాయమైన వినియోగముగా అంగీకరించును. వ్యాసమునకు అలంకారముగా అతికించుట ఆ క్రిందికి రాదు. కట్టడముల ఫోటో తీయుటకు అడ్డులేదు. 1931లో ఇద్దరు రాజకీయ ఖైదీలు కాల్పులకు బలియైన హిజ్లీ నిర్బంధశిబిరము, నేటి ఐ.ఐ.టి. ఆవరణలోనిది, మీరు స్వయముగా పోయి తీసికొనవచ్చును. వేరొకరు తీసిన హిజ్లీ చిత్రము మాత్రము వారిదే.

అనుమతి నోటిమాటతో చాలదు, వ్రాతపూర్వకముగా కావలెను. ఇచట రచయితలు తరచు మోసపోవు సూక్ష్మమొకటి గలదు. గడువు వ్రాయనిచో అది 5 ఏండ్లకే యనియు, ప్రదేశము వ్రాయనిచో భారతదేశమునకే యనియు చట్టము భావించును. అంతర్జాల పత్రికను డల్లాస్‌లోని తెలుగువాడును చదువును గదా! 'ప్రపంచమంతటను, హక్కు ఉన్నంతకాలము' అను మాటలు ఉత్తరములో ఉండవలెను.

తీసినవా డెవరో తెలియనిచో, వెదకినను కనబడనిచో, దేశములో విరివిగా చదువబడు ఆంగ్ల దినపత్రికలో ప్రకటన యిచ్చి, న్యాయస్థానము నుండి లైసెన్సు కోరు మార్గము చట్టములో నున్నది. పటము వెనుక స్టూడియో ముద్రయు చెరిగిపోయిన బీదకుటుంబమునకు ఇది ఎంత దూరపు మార్గమో వేరుగా చెప్పనక్కరలేదు. ఈ విషయమున మన చట్టము ఇంకను సులువు కావలసియున్నది. అంతవరకు, పటము వెనుక తీసినవాని పేరును తేదీని నేడే పెన్సిలుతో వ్రాసి పెట్టుకొనుట ఇంటివారి చేతిలోని పని.

పొరుగింటాయన కుమార్తె ఇప్పుడు విజయనగరములో నున్నారని తెలిసి మిత్రుడు జాబు వ్రాసినాడు. ఆమె వారములోనే సంతకము చేసి పంపుచు, చిత్రము క్రింద నాన్నగారి పూర్తిపేరు వేయవలెనని ఒక్క కోరిక కోరినారు. ఆ పూర్తిపేరు మా మిత్రుడు తెలిసికొనుట అదే మొదటిసారి. ఇన్నేండ్లును అందరు ఆయనను 'ఫోటో మామయ్య' అనియే పిలిచినారు. వ్యాసము మూడు పటములతో వెలువడినది. వర్క్‌షాపు పటమునకై రైల్వేవారికి పంపిన అర్జీకి జవాబు రావలసియున్నది.