గాలి పడవా? నీటి పడవా?

తాడేపల్లిగూడెం నుంచి గణపవరం దాటి కొల్లేటివైపు పోయినవారికి దోనె సంగతి వేరే చెప్పాలా? జానెడు నీరుంటే చాలు, సాగిపోతుంది. నీరు తప్పి బురద తగిలిందో, దిగి నెట్టవలసిందే! నౌకాదళాలకున్న చిక్కూ ఇదే. నడిసముద్రంలో ఆగిన ఓడనుంచి సైనికుల్నీ, లారీల్నీ, టాంకుల్నీ పొడినేలమీదికి చేర్చడమెలా?

లూసియానా చిత్తడినేలల్లో తిరిగేందుకు పడవలు కట్టిన ఆండ్రూ హిగ్గిన్స్ ఒక జవాబు చెప్పాడు. అడుగు లోతుకు దిగదు; ముందున్న తలుపు వంతెనలా వాలుతుంది. 1944 జూన్ 6న నార్మండీ ఒడ్డున సైన్యాలను దింపినవి ఇటువంటి పడవలే.

రెండో జవాబు క్రిస్టఫర్ కాకరెల్ అనే ఆంగ్లేయుడిది. కాఫీ డబ్బాలో పిల్లిమేత డబ్బా అమర్చి, గాలి ఊది చూశాడట. (ఇల్లాలు ఏమన్నదో తెలియదు!) ఆ ఆలోచన నుంచే హోవర్‌క్రాఫ్టు పుట్టి, 1959 జూలై 25న ఇంగ్లీషు ఛానల్ దాటింది. పంకాలు అడుగుకు గాలి కొడతాయి. చుట్టూ రబ్బరు కుచ్చెళ్లు ఆ గాలిని పట్టి ఉంచుతాయి. ఇక నీరైనా, ఇసుకైనా, బురదైనా దానికి ఒక్కటే.

2024 మార్చిలో విశాఖ, కాకినాడల్లో జరిగిన భారత-అమెరికా విన్యాసాలకు అమెరికా ఓడ ఈ గాలి పడవలతో వచ్చింది. మన ఓడలు మామూలు పడవలతో వెళ్లాయి. 2007లో మన దళంలో చేరిన ‘జలాశ్వ’, ఒకనాటి అమెరికా ‘ట్రెంటన్’, నాలుగు నీటి పడవలను మోయగలదు. రెండు రకాలూ ఇంచుమించు 60 టన్నులు ఎత్తుతాయి. గాలి పడవ గంటకు 70 కిలోమీటర్లు దాటి పోతుంది. నీటి పడవ 20 దాటితే గొప్ప. ప్రపంచ తీరాల్లో నూటికి 70 పాళ్లకు గాలి పడవ ఎక్కగలదనీ, నీటి పడవకు 15 పాళ్లే అందుతాయనీ లెక్క.

అయితే అన్నీ అవే కొంటే పోలేదా? నాలుగు గాస్ టర్బైన్లు ఇంధనాన్ని గటగటా తాగుతాయి. ఉప్పునీరూ, ఇసుకా వాటి రెక్కలను తినేస్తాయి. కుచ్చెళ్లు చిరుగుతాయి. నీటిలో పట్టు లేదు గనుక పక్కగాలికి జారిపోతుంది. రొద సంగతి సరేసరి! డీజిల్ పడవ చెడితే ఏ రేవులోనైనా బాగుచేసే మేస్త్రీ దొరుకుతాడు.

1977 నవంబరు 19 ఉప్పెన ముంచిన దివిసీమవంటి చోట, రేవు లేని బురదలో చిక్కినవారిని వేగంగా అందుకోవడానికి గాలి పడవకు సాటి లేదు. రోజుల తరబడి బియ్యమూ, బరువులూ చేరవేయడానికి మాత్రం నా ఓటు నీటి పడవకే. గాలి పడవలు కొద్దిగా, నీటి పడవలు ఎక్కువగా ఉండాలి.

2024 అక్టోబరులో కోస్ట్ గార్డు కోసం ఆరు గాలి పడవలు కట్టే పనిని 387 కోట్లకు పైగా రూపాయలకు గోవాలోని చౌగులే కంపెనీకి అప్పగించారు. ఒక్కొక్కటీ సుమారు 64 కోట్లన్నమాట! అవి కాపలాకూ, ఆపదలో ఆదుకోవడానికీ. టాంకులు మోయడానికి కాదు.