ముప్ఫై పడకలున్నాయి... నిపుణులే లేరు
సామాజిక ఆరోగ్య కేంద్రాలకు అందని వైద్యం, రోగి నెత్తిన ఖర్చు

గ్రామీణ ప్రాంతాల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ, జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రికీ నడుమ వారధిగా ఉండాలన్న ఉద్దేశంతో ఏర్పాటైన సామాజిక ఆరోగ్య కేంద్రాలు దేశవ్యాప్తంగా వైద్య నిపుణుల కొరతతో కొట్టుమిట్టాడుతున్నాయి. భవనాలు లేచాయి. పడకలు వచ్చాయి. ఎక్స్‌రే యంత్రాలు, శస్త్రచికిత్స గదులు కూడా సమకూరాయి. కానీ వాటిని ఉపయోగించవలసిన వైద్యులు మాత్రం ప్రతి అయిదు స్థానాల్లో ఒక్కచోట మాత్రమే కనిపిస్తున్నారు. ఈ మాట అన్నది ప్రతిపక్షాలో, స్వచ్ఛంద సంస్థలో కాదు. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఏటా వెలువరించే గ్రామీణ ఆరోగ్య గణాంకాలే ఈ సంగతి చెబుతున్నాయి.

తెలుగు రాష్ట్రాల్లో ప్రజలు వాడుకగా 'ముప్ఫై పడకల ఆసుపత్రి' అని పిలిచేది ఈ కేంద్రాన్నే. నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతాల్లో 1,20,000 జనాభాకు, గిరిజన, కొండ ప్రాంతాల్లో 80,000 జనాభాకు ఒక కేంద్రం ఉండాలి. నాలుగు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నుంచి పంపే రోగులను ఇది చేర్చుకోవాలి. శస్త్రచికిత్స నిపుణుడు, సాధారణ వైద్య నిపుణుడు, స్త్రీ వైద్య నిపుణురాలు, పిల్లల వైద్యుడు... ఈ నలుగురూ, వారికి తోడుగా 21 మంది నర్సులు, ఇతర సిబ్బంది పనిచేయాలి. కాగితం మీద ఈ ఏర్పాటును తప్పుపట్టేందుకు ఏమీ లేదు.

2022 మార్చి 31 నాటికి దేశంలో 5,480 గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాలు ఉండగా, వాటికి కావలసిన నిపుణులు 21,920 మంది. ఉన్నవారు 4,485 మంది. అంటే కొరత 79.5 శాతం. విభాగాల వారీగా చూస్తే శస్త్రచికిత్స నిపుణుల కొరత 83.2 శాతం, పిల్లల వైద్యుల కొరత 81.6 శాతం, సాధారణ వైద్య నిపుణుల కొరత 79.1 శాతం, స్త్రీ వైద్య నిపుణుల కొరత 74.2 శాతంగా నమోదయింది.

ఈ అంకెల్లో అంతకంటే ఆలోచించదగిన విషయం మరొకటి ఉంది. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైన 2005లో దేశంలో ఇలాంటి కేంద్రాలు 3,346 ఉండేవి. నిపుణులు 3,550 మంది. సగటున కేంద్రానికి ఒకరికంటే కాస్త ఎక్కువే. ఆ తర్వాత పదిహేడేళ్లలో కేంద్రాల సంఖ్య దాదాపు 64 శాతం పెరిగింది. నిపుణుల సంఖ్య పెరిగింది 26 శాతమే. ఫలితంగా 2022 నాటికి పది కేంద్రాలకు ఎనిమిది మంది నిపుణులు మిగిలారు. కట్టడాలకు నిధులు కేటాయించడం తేలిక, వాటిని నడిపే మనుషులను రప్పించడం కష్టమన్న సంగతి ఇంతకంటే స్పష్టంగా మరే లెక్కా చెప్పలేదు.

ఒక్కరుంటే చాలదు

నలుగురిలో ఇద్దరున్నా సగం పని జరుగుతుంది కదా అనుకుంటే పొరపాటు. ఆసుపత్రి వ్యవహారం అలా సాగదు. స్త్రీ వైద్య నిపుణురాలు ఉండి, మత్తుమందు ఇచ్చే వైద్యుడు లేకపోతే సిజేరియన్ శస్త్రచికిత్స అసాధ్యం. ఇద్దరూ ఉండి, రక్తం నిల్వచేసే సదుపాయం లేకపోతే ప్రమాదకర కాన్పును చేపట్టేందుకు వారు సాహసించరు. అన్నీ ఉండి పిల్లల వైద్యుడు లేకపోతే నెలలు నిండకుండా పుట్టిన శిశువును మళ్లీ జిల్లా ఆసుపత్రికే పంపాలి. అందుకే రోజంతా సిజేరియన్ చేయగల సామర్థ్యం, నవజాత శిశువుల సంరక్షణ, రక్తనిల్వ అనే మూడూ ఉన్న ఆసుపత్రినే 'తొలి రెఫరల్ కేంద్రం'గా గుర్తించాలని ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఒకరిని ఇక్కడ, మరొకరిని అక్కడ నియమించినప్పుడు, జీతాలు తీసుకుంటున్న నిపుణులు సైతం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని వైద్యాధికారి చేసే పనే చేస్తూ గడపవలసి వస్తుంది. చేతిలో ఉన్న విద్య మరిచిపోతామేమోనన్న భయంతో కొందరు రాజీనామా చేసి వెళ్లిపోతున్నారు.

కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ (కాగ్) 2011-16 మధ్యకాలానికి గ్రామీణ ఆరోగ్య మిషన్ పనితీరుపై జరిపిన తనిఖీ ఈ పరిస్థితికి అద్దం పట్టింది. 2017లో పార్లమెంటుకు సమర్పించిన ఆ నివేదిక ప్రకారం 17 రాష్ట్రాల్లో దాదాపు రూ.30 కోట్ల విలువైన పరికరాలు నిరుపయోగంగా పడి ఉన్నాయి. అల్ట్రాసౌండ్, ఎక్స్‌రే యంత్రాలు, శస్త్రచికిత్స గది సామగ్రి, రక్తనిల్వ పరికరాలు వాటిలో ఉన్నాయి. నడిపే సిబ్బంది లేకపోవడం, కొన్నిచోట్ల పెట్టేందుకు స్థలం లేకపోవడం అందుకు కారణాలుగా కాగ్ పేర్కొంది.

వైద్యులు ఎందుకు రావడంలేదన్న ప్రశ్నకు జీతమొక్కటే జవాబు కాదు. పట్టణంలో ఒక్క రోజు ప్రయివేటు ప్రాక్టీసుతో వచ్చే రాబడిని ప్రభుత్వం సరితూగలేదన్నది నిజమే. కానీ సరైన క్వార్టర్లు లేకపోవడం, పిల్లల చదువులు, భార్య లేదా భర్త ఉద్యోగం మరోచోట ఉండడం, ఒకసారి మారుమూలకు వెళ్తే మళ్లీ బదిలీ ఎప్పుడో తెలియకపోవడం కూడా అంతే బలమైన కారణాలు. పైగా అనేక రాష్ట్రాల్లో నిపుణులకు ప్రత్యేక కేడర్ లేదు. పీజీ చేసిన వైద్యుడిని సైతం సాధారణ వైద్యాధికారిగానే చేర్చుకుని, ఖాళీని బట్టి ఎక్కడో ఒకచోట నియమించడం పరిపాటి అయింది. శిశువైద్యంలో పట్టా ఉన్నవారు ఓపీ చీటీలు రాస్తూ ఉండగా, పక్క తాలూకాలో ఆ పోస్టు ఖాళీగా ఉండడం ఇందువల్లనే.

వైద్య విద్య విస్తరిస్తే ఈ సమస్య దానంతటదే తీరిపోతుందన్న వాదన ఒకటుంది. 2014లో 51 వేల పైచిలుకు ఉన్న ఎంబీబీఎస్ సీట్లు పదేళ్లలో రెట్టింపు దాటాయి. పీజీ సీట్లు కూడా దాదాపు అదే స్థాయిలో పెరిగాయి. అయినా గ్రామీణ కేంద్రాల్లో నిపుణుల సంఖ్య కదలలేదు. సీటు కోసం పెద్దమొత్తం ఖర్చు చేసిన విద్యార్థి ఆ మొత్తం తిరిగి వచ్చే చోటికే వెళ్తాడు. ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు.

రోగి జేబుకు చిల్లు

నిపుణులు లేని ఆసుపత్రి ఖర్చు రోగి భరిస్తున్నాడు. జాతీయ నమూనా సర్వే 75వ విడత (2017-18) ప్రకారం, గ్రామీణ ప్రాంతాల్లో ప్రభుత్వాసుపత్రిలో చేరిన రోగికి కాన్పులు మినహా సగటున రూ.4,290 ఖర్చు కాగా, ప్రయివేటు ఆసుపత్రిలో రూ.27,347 అయింది. అంటే ఆరు రెట్లకు పైమాటే. ఆ సర్వే నాటికి గ్రామాల్లో ఏదో ఒక ఆరోగ్య బీమా ఉన్నవారు 14 శాతమే. ఆసుపత్రి ఖర్చులకు ప్రధానంగా అప్పుపై ఆధారపడిన గ్రామీణ కుటుంబాలు దాదాపు 13 శాతం. పొలమో, నగలో తాకట్టు పెట్టి తెచ్చిన సొమ్ము ఎన్నేళ్లకు తీరుతుందో ఏ సర్వే లెక్కలకూ అందదు.

ప్రభుత్వాసుపత్రి అంటే పూర్తిగా ఉచితమనుకోవడానికీ వీల్లేదు. కాన్పుకు వచ్చిన తల్లికి మందులు, పరీక్షలు, భోజనం, రవాణా అన్నీ ఉచితంగా ఇవ్వాలని 2011లో జననీ శిశు సురక్షా కార్యక్రమం నిర్దేశించింది. అయినా ప్రభుత్వాసుపత్రిలో కాన్పుకు కుటుంబం సగటున రూ.2,916 చేతినుంచి పెట్టుకున్నట్లు 2019-21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. బయట కొన్న మందులు, బయట చేయించిన స్కానింగులు, ఆటో బాడుగలు కలిస్తే ఆ మొత్తం కావడం కష్టమేమీ కాదు.

కాన్పుల విషయంలో ఈ సర్వే మరో వైపరీత్యాన్ని బయటపెట్టింది. ప్రభుత్వాసుపత్రుల్లో సిజేరియన్ కాన్పులు 14.3 శాతం ఉంటే, ప్రయివేటులో 47.4 శాతం. తెలంగాణలో ప్రయివేటు ఆసుపత్రుల కాన్పుల్లో 81.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం కోతలతోనే జరిగాయి. జనాభాలో సిజేరియన్లు 10 శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు అదనంగా తగ్గిన దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది. ఒకవైపు అవసరమైన చోట కోత కోసే వైద్యుడు లేడు. మరోవైపు అవసరం లేని చోట కత్తి ఆగడం లేదు. రెంటికీ మూల్యం చెల్లించేది ఒకే కుటుంబం.

ప్రభుత్వాల పక్షాన చెప్పుకోదగిన మార్పు లేకపోలేదు. జాతీయ ఆరోగ్య పద్దుల ప్రకారం దేశంలో మొత్తం వైద్య వ్యయంలో ప్రజలు స్వయంగా భరించే వాటా 2013-14లో 64.2 శాతం కాగా, 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గింది. ప్రభుత్వ వ్యయం స్థూల దేశీయోత్పత్తిలో 1.15 శాతం నుంచి 1.84 శాతానికి పెరిగింది. చివరి ఏడాదుల్లో కోవిడ్ కోసం పెట్టిన ఖర్చు కూడా ఇందులో కలిసి ఉందని గుర్తుంచుకోవాలి. 2025 నాటికి 2.5 శాతానికి చేర్చాలన్నది 2017 జాతీయ ఆరోగ్య విధానం పెట్టుకున్న లక్ష్యం.

బీమా తరహా పథకాలకు బాట వేసినది ఆంధ్రప్రదేశే. 2007లో ఉమ్మడి రాష్ట్రం ఆరోగ్యశ్రీని ప్రారంభించింది. కేంద్రం 2018 సెప్టెంబరులో కుటుంబానికి ఏటా రూ.5 లక్షల వరకు వర్తించే ఆయుష్మాన్ భారత్ పథకాన్ని తెచ్చింది. గుండె, మూత్రపిండాల జబ్బుల వంటి భారీ చికిత్సల్లో ఇవి ఎందరినో ఆదుకున్న మాట వాస్తవం. అయితే ఇవి ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారికే. రక్తపోటుకు, మధుమేహానికి నెలనెలా కొనే మందుల ఖర్చు వీటి పరిధిలోకి రాదు. పైగా ముప్ఫై పడకల ఆసుపత్రిలో శస్త్రచికిత్స నిపుణుడు లేకపోతే, కార్డు పట్టుకున్న రోగి పట్టణానికే పోవాలి. బీమా సొమ్ము కూడా అతని వెంటే పోతుంది. ద్వితీయ స్థాయి ఆసుపత్రుల నిర్వహణకే 1986 చట్టంతో ప్రత్యేకంగా వైద్య విధాన పరిషత్తును నెలకొల్పిన రాష్ట్రంలో ఇది కొంత విచిత్రమైన పరిణామమే.

ఎవరి దారి వారిది

కొరతను పూడ్చేందుకు రాష్ట్రాలు రకరకాల మార్గాలు తొక్కాయి. ఎంబీబీఎస్ వైద్యులకే 18 వారాలు మత్తుమందు ఇవ్వడంలో, 16 వారాలు అత్యవసర ప్రసూతి సేవల్లో శిక్షణ ఇచ్చే పథకం వాటిలో ఒకటి. శిక్షణ పొందినవారిలో చాలామంది, పక్కన అనుభవజ్ఞుడు లేకుండా శస్త్రచికిత్స గదిలో అడుగుపెట్టేందుకు జంకారు. ఏదైనా జరిగితే బాధ్యులెవరన్న ప్రశ్నకు వారికి జవాబు దొరకలేదు. 'మీరడిగినంత ఇస్తాం' అనే పద్ధతిలో నిపుణులనే తమ జీతం కోట్ చేయమని కొన్ని రాష్ట్రాలు ఆహ్వానించాయి.

తమిళనాడు అనుభవం వేరు. ప్రభుత్వ సర్వీసులో ఉన్న వైద్యులకు పీజీ సీట్లలో కోటా ఇచ్చి, చదువు పూర్తయ్యాక తిరిగి సర్వీసులో పనిచేసేలా చూసే విధానాన్ని ఆ రాష్ట్రం చిరకాలంగా అనుసరించింది. ఇలాంటి కోటా ఇచ్చే అధికారం రాష్ట్రాలకు ఉందని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 ఆగస్టులో తీర్పు చెప్పింది. మందుల కొనుగోలుకు 1994లోనే ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసుకోవడం వల్ల అక్కడి ఆసుపత్రుల్లో బయటి చీటీల బెడద తగ్గింది. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ సమీపాన గనియారీలో ఢిల్లీ ఎయిమ్స్‌లో చదివిన కొందరు వైద్యులు నెలకొల్పిన జన్ స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రి, పరిసర గ్రామాల మహిళలకే శిక్షణ ఇచ్చి సిబ్బందిగా తీర్చిదిద్దుకుంది. ఊరివాళ్లు ఊరు విడిచిపోరన్నది దాని వెనుక ఉన్న సూత్రం.

పొరుగు దేశాల్లోనూ ఇదే వ్యథ. బంగ్లాదేశ్‌లో ఉపజిల్లా ఆసుపత్రుల్లో ముందస్తు సమాచారం లేకుండా తనిఖీ జరిపినప్పుడు 40 శాతం వైద్యులు విధుల్లో లేరని, ఒక్క వైద్యుడే ఉండవలసిన చిన్న కేంద్రాల్లో గైర్హాజరు 74 శాతమని ప్రపంచ బ్యాంకు పరిశోధకులు 2004లో వెల్లడించారు. ఉచిత వైద్యానికి పేరుపొందిన శ్రీలంక సైతం 2022 ఆర్థిక సంక్షోభం తర్వాత మందుల కొరతతోపాటు వైద్యుల వలసలను చవిచూసింది.

పీజీ విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేయాలని భారత్‌లో 2020లో నిబంధన వచ్చింది. అందుకు ఆసుపత్రికి ఉండవలసిన పడకల సంఖ్యను తర్వాత వంద నుంచి యాభైకి తగ్గించారు. ముప్ఫై పడకల ఆసుపత్రికి ఆ అవకాశం అప్పటికీ అందలేదు. ఇక 2022లో సవరించిన ప్రజారోగ్య ప్రమాణాలు సామాజిక ఆరోగ్య కేంద్రాలను తొలి రెఫరల్ కేంద్రాలుగా పనిచేసేవి, చేయనివి అని రెండుగా విభజించాయి. అన్నిచోట్లా అందరినీ ఉంచలేమన్న అంగీకారం అందులో ఇమిడి ఉంది. ఉన్న నిపుణులను కొన్ని కేంద్రాలకైనా పూర్తి బృందాలుగా చేర్చేందుకు ఇది వీలు కల్పిస్తుంది. ఏ తాలూకాను ఏ జాబితాలో చేర్చాలన్న చోటనే చిక్కంతా ఉంటుంది. ఆసుపత్రి స్థాయి తగ్గించేందుకు ఏ శాసనసభ్యుడూ సులువుగా ఒప్పుకోడు.

మరుసటి ఏడాది లెక్కలు కూడా వచ్చాయి. 2023 మార్చి నాటికి గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాలు 5,491కి చేరాయి. వాటిలో పనిచేస్తున్న నిపుణులు 4,413 మంది. అంతకు ముందు ఏడాది కంటే కేంద్రాలు పదకొండు పెరిగాయి, నిపుణులు డెబ్భై ఇద్దరు తగ్గారు.