ఒక చేతిలో రాకెట్, మరో చేతిలో పుస్తకం

"ఆటల్లో పడితే చదువు చెడుతుంది" అనే మాట మన ఇళ్లలో తరచూ వింటూ ఉంటాం. ఆడపిల్ల విషయంలో అంత దూరం కూడా పోరు. "ఆడపిల్లకు ఆటలేమిటి?" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఈ రెండు మాటలకూ జవాబు చెప్పే టెన్నిస్ మైదానం ఒకటి అమెరికాలో ఉంది.

లాస్ ఏంజెలెస్ నగరంలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆవరణలో, విద్యార్థుల తరగతులకు, వసతి గృహాలకు నడిచి వెళ్లేంత దూరంలో ఉంది ఆ టెన్నిస్ కేంద్రం. 1984 ఒలింపిక్స్ టెన్నిస్ అక్కడే జరిగింది. 1924 తర్వాత ఒలింపిక్ పతకాల పట్టికలో ఆ ఆటకు చోటు లేదు. అందుకే 1984లో 20 ఏళ్లు మించని వారితో ప్రదర్శన పోటీలుగా మాత్రమే నిర్వహించారు. స్వీడన్ యువకుడు స్టెఫాన్ ఎడ్‌బర్గ్, జర్మనీకి చెందిన 15 ఏళ్ల బాలిక స్టెఫీ గ్రాఫ్ గెలిచారు. 1988లో టెన్నిస్ తిరిగి పతకాల ఆట అయింది. 2012 వరకూ ఏటా అంతర్జాతీయ పురుషుల టోర్నమెంటు కూడా ఈ మైదానంలోనే జరిగేది.

కాపలాదారు కొడుకు

ఈ కేంద్రం కట్టక చాలా ముందే, 1961లో, ఆ విశ్వవిద్యాలయంలో స్కాలర్‌షిప్‌తో చేరాడు ఆర్థర్ ఆష్ అనే నల్లజాతి కుర్రవాడు. రిచ్‌మండ్ నగరంలో నల్లవారికి కేటాయించిన పార్కుకు ఆయన తండ్రి సంరక్షకుడు. ఇల్లు ఆ పార్కులోనే. ఆరేళ్ల వయసులో తల్లి చనిపోయింది. బడి నుంచి ఇంటికి నడవడానికి ఎంతసేపు పడుతుందో తండ్రి లెక్కగట్టి, అంతలోనే రావాలని షరతు పెట్టాడు. ఊళ్లోని మంచి కోర్టులు తెల్లవారివి. వాటి గేటు ఆ పిల్లవాడికి తెరుచుకోలేదు.

శిక్షకుడు డాక్టర్ వాల్టర్ జాన్సన్ ఒక నియమం నేర్పాడు. బంతి గీతకు కాస్త అవతల పడినా, లోపల పడినట్టే ఎంచి ఆడాలి. నల్లపిల్లలు మోసం చేశారని ఎవరూ వేలెత్తి చూపకూడదన్నది ఆయన ఉద్దేశం. ఓడినా సరే, మాట పడకూడదు.

విశ్వవిద్యాలయంలోనూ అవమానం తప్పలేదు. ఒక ప్రైవేటు క్లబ్బు తన టోర్నమెంటుకు జట్టు మొత్తాన్నీ పిలిచి, ఆష్‌ను మాత్రం వదిలేసింది. అయినా ఆయన ఆటా మానలేదు, చదువూ మానలేదు. 1965లో జాతీయ కళాశాలల సింగిల్స్ టైటిల్ గెలిచాడు. 1966లో బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ పట్టా పుచ్చుకున్నాడు. 1968లో యు.ఎస్. ఓపెన్ గెలిచినా, అప్పటికి ఔత్సాహిక ఆటగాడు కాబట్టి 14,000 డాలర్ల బహుమతి ఆయనకు దక్కలేదు. 1975లో వింబుల్డన్ గెలిచాడు. దక్షిణాఫ్రికా జాతి వివక్షపై గొంతెత్తాడు. రక్తమార్పిడి వల్ల సోకిన ఎయిడ్స్‌తో 1993లో మరణించాడు. నేడు ఆ విశ్వవిద్యాలయంలోని విద్యార్థుల ఆరోగ్య కేంద్రానికి ఆయన పేరే ఉంది.

మన పిల్లల సంగతి

ఇదంతా అమెరికా ముచ్చట అనుకోనక్కర లేదు. మన ఆంధ్ర కుర్రవాడు సాకేత్ మైనేని అలబామా విశ్వవిద్యాలయం జట్టులో ఆడాడు. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో మిక్స్‌డ్ డబుల్స్ బంగారు పతకం తెచ్చాడు. ఆ పతకంలో ఆయన జోడీ హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జా. మరుసటి ఏడాది ఆమె మహిళల డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. "ఆడపిల్లకు ఆటలేమిటి" అని ఆమె తండ్రి అని ఉంటే ఆ కథ మొదలయ్యేదే కాదు.

అందరి పిల్లలూ వింబుల్డన్‌కు వెళ్లరు. వెళ్లాల్సిన పనీ లేదు. ఓడినప్పుడు తల వంచుకోకుండా అవతలివాడికి చేయి కలపడం, గెలిచినప్పుడు ఒళ్లు మరిచిపోకుండా ఉండడం మైదానం నేర్పుతుంది. ఈ సాయంత్రం మీ అబ్బాయి గానీ అమ్మాయి గానీ ఆడుకుంటానని అడిగితే వెంటనే కాదనకండి. ఆష్ తండ్రిలాగే ఇంటికి తిరిగి రావాల్సిన వేళ చెప్పండి. హోంవర్కు సంగతి అడగండి. ఆ తర్వాత గేటు తీయండి.