గోడకు నీలమా... మీగడా?

కాకి ఒకటి మునిగి హంసగా తేలిందట. అందుకే అది హంసలదీవి అయిందంటుంది స్థలపురాణం. రంగు మార్చే నీళ్లన్నమాట! కృష్ణమ్మ కడలిలో కలిసే ఆ దివిసీమ తీరంలో ఇంటి గోడల రంగు మార్చేదీ నీళ్లే... కాకపోతే ఉప్పునీళ్లు. అందుకే అక్కడ రంగు ఎంచుకోవడం ఆషామాషీ వ్యవహారం కాదు.

ఇంట్లో ఆయనకు లేత నీలం, ఆవిడకు మీగడ రంగు నచ్చాయనుకోండి. ఏది మేలు?

ముందు కిటికీని అడగాలి. ఉత్తరం కిటికీ ఉన్న గదిలోకి ఎండ నేరుగా పడేది తక్కువ. ఆ వెలుగులోనే కాస్త నీలిఛాయ ఉంటుంది. అక్కడ నీలం వేస్తే గది మసకబారినట్టుంటుంది. మీగడ రంగైతే వెచ్చగా ఉంటుంది. పడమటి గదిలో సాయంత్రపు ఎండకు మీగడ మరీ పచ్చగా కొడుతుంది. అక్కడ నీలమే కంటికి చల్లన. ఇక, వయసు పెరిగేకొద్దీ కంట్లోని కటకం పసుపుబారి నీలపు వెలుగును అడ్డుకుంటుంది. కాబట్టి నాయనమ్మ గదికి మీగడకే ఓటు.

తర్వాత గోడను అడగాలి. వెనకటికి సున్నంలో చిటికెడు నీలిమందు కలిపేవారు. నీలం కోసం కాదు, తెలుపు మరింత తెల్లగా కనబడాలని! ఆ సున్నపు పూత గోడలోని చెమ్మను బయటికి పోనిచ్చేది. ఇప్పటి పెయింట్లలో చాలావాటికి ఆ గుణం తక్కువ. పునాదిలోంచి ఎగబాకిన నీరు ఆరిపోయాక మిగిలిన ఉప్పు గడ్డకట్టి రంగుపొరను నెట్టేస్తుంది. పెచ్చులూడేది అందుకే. నీలం మీద ఆ తెల్లమచ్చలు ఇట్టే కనబడతాయి. మీగడ రంగు దాచిపెడుతుంది... రోగం ముదిరేదాకా!

అందుకే డబ్బా కొనేముందు చిన్న పరీక్ష. అడుగు పొడవూ వెడల్పూ ఉన్న ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు పెట్టి నాలుగు అంచులా టేపు అంటించండి. రెండ్రోజుల తర్వాత చూడండి. గోడవైపు నీటిబొట్లుంటే చెమ్మ లోపలే ఉంది. ముందు దానికి వైద్యం చేయించాలి. గోడ పొడిగా ఉందా, రెండడుగుల అట్టల మీద రెండు రంగులూ వేసి గోడకు ఆనించండి. పొద్దున, సాయంత్రం, రాత్రి ట్యూబ్‌లైటు వెలుగులో చూడండి. షేడ్ కార్డులో లేతగా ఉన్న రంగు నాలుగు గోడలకూ పడితే ముదురుగా కనిపిస్తుందని మాత్రం మరవద్దు.

చెమ్మ ఆరని గోడకు ఏ రంగు వేసినా... హంస మళ్లీ కాకి కావడానికి ఒక్క వానాకాలం చాలు!